పావు ట్యాంకు

ఇరవై ఏడేళ్లు నేను బళ్లు అమ్మాను. మామూలు కార్లు కాదు, లోపల మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉండే ఇళ్లలాంటి బళ్లు. నెబ్రాస్కాలో హైవే పక్కన ఉండేది మా షెడ్డు. కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా కర్టెన్ల రంగు చూస్తారు, పరుపు మీద కూర్చుని ఊగి చూస్తారు. నేను వాళ్లను బయటకు పిలిచి, బండి పక్కనున్న చిన్న తలుపు తెరిచి, లోపల బిగించిన జనరేటర్ చూపించేవాణ్ని. "కర్టెన్లు రేపైనా మార్చుకోవచ్చు. ముందు దీన్ని చూడండి" అనేవాణ్ని. నేను నోరు విప్పితే బండి అమ్ముడైనట్టేనని షెడ్డులో అనుకునేవారు. ఆ మాటంటే నాకు ఎంత మోజో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

రిటైరై, భార్య కూడా పోయాక, నేనూ అలాంటి బండి ఒకటి తీసుకుని చలికాలాలు అరిజోనా ఎడారిలో గడపడం మొదలుపెట్టాను. క్వార్ట్‌సైట్ ఊరి బయట సర్కారు నేల మీద, ఏటా అదే చోట, ఎనిమిది బళ్లు గుండ్రంగా ఆపుకుంటాం. అక్కడ కరెంటు తీగ లేదు, నీళ్ల కుళాయి లేదు. ఎవరి కరెంటు వాళ్లే పుట్టించుకోవాలి. సాయంత్రం నాలుగు కొట్టేసరికి జనరేటర్లన్నీ ఆపేసి, ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని మధ్యలో కూర్చుంటాం. ఆ వేళప్పుడు ఎవడి జనరేటరైనా మోగిందా, వాణ్ని వారం రోజులు ఏడిపిస్తాం.

ఆ గుంపులో నాకు బాగా దగ్గరివాళ్లు ఓరిన్, ఆర్వెల్లా. మినసోటా దంపతులు. ఓరిన్ ఆవుల్ని పెంచి పాలు అమ్మినవాడు, మాట తక్కువ. ఆర్వెల్లా ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మోకాలి లోతు మంచులో కూడా ఒక్క ప్రమాదం జరగనివ్వలేదు. ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకుంటే గానీ ఆమెకు నిద్రపట్టదు. ఆ అలవాటు మీద నేను వేసిన జోకులకు లెక్కలేదు.

పోయిన అక్టోబరులో ఆమె ఫోన్ చేసింది.

"వెండెల్, ఓరిన్ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. రాత్రీ పగలూ ఆక్సిజన్ మెషిను పెట్టాలట. అది కరెంటు మీద నడిచేది. మా పాత ట్రైలర్‌తో ఇక కుదరదు."

"అయితే ఈ ఏడు రారా?"

"వస్తాం. ఆయనకు ఆ ఎండ కావాలి. నాకు ఆయన కావాలి. కానీ కేరిన్ ఒప్పుకోవడం లేదు." కేరిన్ వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నర్సు. "నాన్నను వృద్ధాశ్రమంలో చేర్చేద్దాం అంటోంది. అక్కడ భార్యకు చోటుండదు, చూడ్డానికి వెళ్లి రావడమే. నేను బతిమాలి ఈ ఒక్క చలికాలం ఒప్పించాను. ఒక్క పొరపాటు జరిగినా ఇంటికొచ్చేయాలి, ఆయన ఆశ్రమానికి వెళ్లిపోవాలి. అలా మాట తీసుకుంది. అందుకే నువ్వే చూసి పెట్టాలి ఆ బండి."

ఆమె మనసులో కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇంకో ట్రైలరే ఉంది. దానికి తోడుగా చేత్తో మోసుకెళ్లే చిన్న జనరేటర్లు రెండు కొంటానంది. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఉంటుందని ఆమె లెక్క. చక్కటి లెక్క. నేను దాన్ని సాగనివ్వలేదు.

"వాటిని మోసేదెవరు? వానలో నిలబడి డబ్బాతో పెట్రోలు పోసేదెవరు? డెబ్బై ఏళ్లు నీకు! మోటార్ హోమ్ తీసుకో, ఇంజనూ ఇల్లూ ఒకటే బండి. జనరేటర్ బండిలోనే ఉంటుంది, బండి ట్యాంకులోంచే తాగుతుంది. లోపల కూర్చుని బటన్ నొక్కడమే."

అది అబద్ధం కాదు. ఓరిన్ మెషినుకి ఎంత కరెంటు కావాలో, దాని మీద కాఫీ మెషిను, మైక్రోవేవ్, మధ్యాహ్నం వేడికి ఏసీ కలిపితే ఎంతవుతుందో కాగితం మీద వేసి, నాలుగువేల వాట్ల జనరేటరున్న బండినే ఏరాను. పగలు ఏడెనిమిది గంటలు అది తిరిగితే బ్యాటరీలు నిండుతాయి, రాత్రంతా ఆ బ్యాటరీల మీద మెషిను నడుస్తుంది. ఏరడంలో నేను తప్పు చేయలేదు. తప్పు బండి అప్పగించిన రోజు చేశాను.

బండి మా పాత షెడ్డులోనే దొరికింది. వాళ్లు తీసుకోవడానికి వచ్చిన రోజు నేనూ వెళ్లాను. నా పాత జట్టంతా కాఫీ కప్పులతో చుట్టూ చేరింది. "ముసలి పులి మళ్లీ వచ్చిందిరోయ్!" అన్నాడొకడు. ఇంక చూడాలి నన్ను. బండి చుట్టూ తిరుగుతూ మీటలు, తలుపులు, గొట్టాలు చూపిస్తూ ఒకటే వాగుడు. ఓరిన్ ముందు సీట్లో ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చుని వింటున్నాడు. ఆర్వెల్లా పర్సులోంచి కాగితం, పెన్ను తీసింది.

"కాస్త నెమ్మదిగా చెప్పు వెండెల్. జనరేటర్ సంగతి రాసుకుంటాను."

"రాసుకోవడమా? ఇదేమన్నా డ్రైవింగ్ పరీక్షా? ఈ బటన్ నొక్కితే మోగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అంత పెద్ద బస్సు నడిపినదానివి, ఒక్క బటన్‌కి నోట్సు కావాలా తల్లీ?"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వి, పెన్ను లోపల పెట్టేసుకుంది.

ఆ తర్వాత నేను చెప్పవలసిన మాట ఒకటుంది. ఇరవై ఏడేళ్లుగా ప్రతి ఒక్కరికీ చెప్పినదే. ట్యాంకులో పెట్రోలు పావుకి దిగగానే జనరేటర్ దానంతటదే ఆగిపోతుంది. పాడైందని కంగారుపడకండి. దాని గొట్టం అంతవరకే ముంచి ఉంటుంది. మిగిలిన పావూ మీరు ఎడారిలో చిక్కుకోకుండా బండి నడుపుకుని ఊరు చేరడానికి దాచిపెట్టింది. ఇది నిద్రలో లేపినా చెబుతాను.

మరిచిపోయాను అనుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. కానీ మరిచిపోలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఆమె మళ్లీ పెన్ను తీస్తుంది, బాగా పండిన జోకు పాడైపోతుంది. తర్వాత చెప్పొచ్చులే అని మింగేశాను.

జనవరి మొదటి వారంలో వాళ్లు ఫుల్లు ట్యాంకుతో ఎడారికి వచ్చారు. నా బండి పక్కనే ఆపించాను. పదహారు రోజులు హాయిగా గడిచాయి. పొద్దున్నే ఎనిమిదింటికి ఆర్వెల్లా బటన్ నొక్కేది, నాలుగింటికి ఆపేసి కుర్చీ పట్టుకుని వచ్చేది. "నీకు మినహాయింపు ఇచ్చాం, మోగించుకో" అన్నా వినేది కాదు. ఓరిన్ దుప్పటి కప్పుకుని, సూర్యుడు కొండల వెనక్కి దిగేదాకా అలాగే చూస్తూ కూర్చునేవాడు. ఆమె చెయ్యి ఆయన దుప్పటి కింద ఉండేది. ఆ పదహారు రోజుల్లో రోజుకి పదిసార్లు ఆమె ఎదురుపడింది. ఆ పావు మాట నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

పదిహేడో రోజు పొద్దున్నే ఊళ్లో పెద్ద సంత ఉందని మేమంతా బయల్దేరాం. ఆర్వెల్లా, ఓరిన్ మాత్రం ఉండిపోయారు. తొమ్మిదిన్నరకి నా ఫోన్ మోగింది. ఆర్వెల్లా. అప్పుడే ఒక కొత్త జంట నా చుట్టూ చేరి ఎలాంటి బండి కొనాలో అడుగుతున్నారు. ఆమెకు మళ్లీ ఏదో సందేహం వచ్చుంటుందిలే అనుకుని ఫోన్ జేబులో పడేశాను. నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ అదే చేశాను.

అక్కడ జరిగింది ఇది. ఎనిమిదింటికి జనరేటర్ ఎప్పటిలాగే మోగింది, కాసేపటికి దగ్గి ఆగిపోయింది. ఆర్వెల్లా మళ్లీ బటన్ నొక్కింది. అది గిర్రున తిరిగి, ఒకసారి అందుకుని, మళ్లీ చచ్చింది. బటన్ నొక్కితే చాలని నేను చెప్పాను కదా, నొక్కుతూనే ఉంది. రాత్రంతా మెషిను నడిపి అలిసిన బ్యాటరీలవి. ఆ నొక్కుడుతో అవీ కూలబడ్డాయి. ఆక్సిజన్ మెషిను కూతపెట్టి ఆగిపోయింది.

చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఉంది, సగం వాడినది. అది తగిలించి నాకు ఫోన్ చేసింది. బండి నడుపుకుని ఊళ్లోకి పోదామనీ అనుకుందట. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. జనరేటరూ ఇంజనూ తాగేది ఒకే పెట్రోలు. అది చెడి జనరేటర్ ఆగిపోయి ఉంటే, రాళ్ల బాటలో మధ్యదారిలో ఇంజను కూడా ఆగితే ఆయన గతేంటి? జాగ్రత్త తెలిసిన డ్రైవరు ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. కదలకుండా హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కింది.

విన్నది మార్నీ. ముప్ఫై ఏళ్ల అమ్మాయి, మా గుంపుకి కాస్త దూరంగా తుప్పు పట్టిన వ్యానులో ఒంటరిగా ఉంటుంది. ఆమె దగ్గర ఎర్రటి చిన్న జనరేటర్ ఒకటుంది. నేను దాన్ని లంచ్ డబ్బా అని వెక్కిరించేవాణ్ని. దాన్ని చేత్తో పట్టుకుని ఆ రాళ్లలో పరుగెత్తుకొచ్చి, వైరు లాగి మెషినుకి తగిలించింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది కూడా ఆమే. అప్పటికి సిలిండర్ అయిపోయి ఓరిన్ పెదాలు నల్లబడ్డాయట.

మేం తిరిగొచ్చేసరికి ఆయన్ను స్ట్రెచర్ మీద ఎక్కిస్తున్నారు. ఊపిరి ఆడుతోంది. ఆర్వెల్లా జుట్టు చెదిరిపోయి, చెప్పులు కూడా లేకుండా రాళ్ల మీద నిలబడి ఉంది.

"జనరేటర్ పాడైంది వెండెల్. నేనేదో చేశాను దాన్ని."

నేను లోపలికి వెళ్లి డ్యాష్‌బోర్డు చూశాను. ముల్లు పావు మీద ఉంది. బయటకు వచ్చేసరికి గుంపంతా నా మొహంలోకే చూస్తోంది. ఏమైందో వెండెల్‌కే తెలుస్తుంది మరి.

"పాడవలేదు. పావు ట్యాంకుకి దిగితే అదంతే, ఆగిపోతుంది" అన్నాను. అక్కడితో ఆపాల్సింది. "ఆ రోజే చెప్పాను కదా ఆర్వెల్లా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఒక్క క్షణం నేనే నమ్మాను. ఆమె నా వైపు చూసింది. ఎక్కడో వెతుక్కుంటున్నట్టు కళ్లు అటూ ఇటూ కదిలాయి.

"చెప్పావా?" అంది. "చెప్పే ఉంటావు. అంత ముఖ్యమైనది చెప్పకుండా ఎందుకుంటావు! నేనే... రాసుకుని ఉండాల్సింది" అంది.

అంబులెన్సు ఆమెనూ ఎక్కించుకుని వెళ్లిపోయింది. మార్నీ తన వైరు చుట్టుకుంటూ నా పక్కకి వచ్చింది.

"ముప్ఫై ఏళ్ల కిందట తన బస్సెక్కినవాళ్లు ఏ మలుపులో దిగేవారో ఇప్పటికీ చెప్తుంది ఆవిడ. ఈ ఒక్కటీ ఎలా మర్చిపోయిందో!"

ఆ పిల్ల మొహం చూడలేక నా బండెక్కి తలుపేసుకున్నాను.

రెండు రోజులకి ఓరిన్‌ను ఆసుపత్రి నుంచి పంపేశారు. ఆ రోజే మినసోటా నుంచి కేరిన్ దిగింది. మంచి పిల్లే. అరవలేదు, నిందించలేదు. తల్లి ఎదురు తిరుగుతుందని సిద్ధపడి వచ్చిందట, ఆ అవసరమే రాలేదు. ఆర్వెల్లా బండి తాళాలు తనే తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వన్నదే నిజం. నాకు మతిమరుపు వచ్చేసింది. ఆయన్ను నేను చూసుకోలేను" అందట.

ఆ తర్వాత చూసినవన్నీ నన్ను పొడిచాయి. పొయ్యి వెలిగించే ముందు ఆర్వెల్లా కూతుర్ని అడిగేది. ఓరిన్ మాత్రలు ఇచ్చి, ఇచ్చానా అని అడిగేది. నాలుగింటికి కుర్చీ తెచ్చుకుని కూర్చునేది గానీ, ఎవరైనా ఏదైనా అడిగితే, "ఏమో, నన్ను నమ్మకండి" అని నవ్వేది. అందరూ జాలిగా చూసేవారు. నా మీద మాత్రం గౌరవం పెరిగింది. ముల్లు చూడగానే పట్టేశాడు చూడు అని చెప్పుకునేవారు. దొంగసొమ్ము తింటున్నట్టుండేది నాకు. రెండు రోజులు తిన్నాను. చెబితే ఈ గుంపులో ఇక తలెత్తుకోలేననే భయం తప్ప వేరే కారణం లేదు.

వాళ్లు వెళ్లిపోయే రోజు పొద్దున్న ఇక ఉండబట్టలేక వాళ్ల బండి తలుపు తట్టాను. ఆర్వెల్లా, కేరిన్ బల్ల దగ్గర కాఫీ తాగుతున్నారు. నేను కూర్చోలేదు.

"ఆర్వెల్లా, నీకొకటి చెప్పాలి. ఆ పావు ట్యాంకు సంగతి నేను నీకు చెప్పలేదు."

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఆ రోజు నువ్వు పెన్ను తీస్తే నేనే లోపల పెట్టించేశాను. ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేదు. అందరూ నవ్వుతున్నారని మింగేశాను. మొన్న అందరి ముందు చెప్పానన్నది పచ్చి అబద్ధం. నా పరువు కోసం ఆడాను. నీకు మతిమరుపు లేదు. నువ్వు ఏదీ మర్చిపోలేదు."

ఎన్ని బళ్లు అమ్మినా ఒక మాట చెప్పడానికి ఇంత కష్టపడలేదు నేను. ఆర్వెల్లా లేచి వచ్చింది. కొడుతుందనే అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు.

"ఎంత మంచివాడివయ్యా నువ్వు!" అంది.

"కాదు ఆర్వెల్లా, నేను నిజంగానే..."

"నాకు తెలుసు. నేను కుమిలిపోతున్నానని నీ మీద వేసుకుంటున్నావు. ఇరవై ఏడేళ్లు అదే పని చేసినవాడివి, ఆ ఒక్క మాట నాకు మాత్రం చెప్పకుండా ఉంటావా? నా కోసం అబద్ధాలాడకు వెండెల్. నిజం తట్టుకోగలను."

"అది అబద్ధం కాదే! మొన్న ఆడిందే అబద్ధం!"

గట్టిగా అరిచాను. ఆమె ఇంకా జాలిగా నా చేతులు నిమిరింది. నేను కేరిన్ వైపు తిరిగాను.

"నువ్వైనా నమ్ము. మీ అమ్మకేం కాలేదు. ఆయన్ను ఆశ్రమానికి పంపకు. తప్పంతా నాదే."

కేరిన్ నన్ను తలుపు దాకా సాగనంపి, మెల్లగా అంది. "మీలాంటి స్నేహితులున్నందుకు అమ్మ అదృష్టవంతురాలు. కానీ అంకుల్, మీ మాట నిజమే అనుకున్నా, రెండు రోజులుగా అమ్మను చూస్తున్నాను. స్టవ్ కట్టేసిందో లేదో కూడా ఆవిడకు తెలియడం లేదు. ఇప్పుడు ఆవిడ చేతికి నాన్నను ఎలా వదిలేయను?"

అది నిజమే. అలా తెలియకుండా పోయింది నా వల్లే. అది కూడా చెప్పాను. ఆమె నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయింది.

బయట ఎండలో ఓరిన్ కుర్చీలో ఉన్నాడు. మార్నీ వదిలిపెట్టిన ఎర్ర జనరేటర్ పక్కన మోగుతోంది. తలుపు తెరిచే ఉంది కనుక అంతా విన్నట్టున్నాడు. నన్ను దగ్గరకు రమ్మని వేలితో పిలిచాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"నేనక్కడే ఉన్నాగా ఆ రోజు. ముందు సీట్లో. నువ్వు చెప్పలేదని... ఆసుపత్రిలోనే చెప్పాను దానికి."

"ఏమంది?"

"నేనూ జాలిపడి అంటున్నానంది. ఏడ్చింది." ఆయన కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "యాభై రెండేళ్లు కాపురం చేశాను. నా మాట నమ్మలేదు. నీది నమ్మింది. అంత బాగా చెప్పావు మరి."

కోపంగా అనలేదు. కోపానికి కూడా గాలి కావాలి కదా, దాన్ని ఆయన వేరే దేనికో దాచుకున్నట్టున్నాడు. మళ్లీ కొండల వైపు తిరిగాడు. నేను ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

నేను చేయగలిగింది ఒకటే మిగిలింది. వాళ్ల బండిని ఊళ్లోకి తీసుకెళ్లి ట్యాంకు నిండా పెట్రోలు పోయించి తెచ్చాను. మధ్యాహ్నం అందరూ వీడ్కోలు చెప్పడానికి చేరారు. కేరిన్ స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక మంచం మీద ఓరిన్‌ను పడుకోబెట్టి మెషిను తగిలించారు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన ఆర్వెల్లా పక్క సీట్లో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"పెట్రోలు ఎంతుందమ్మా?" అని కూతుర్ని అడిగింది.

"ఫుల్లు."

ఆర్వెల్లా వంగి ముల్లు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కిటికీలోంచి తల బయటకు పెట్టింది.

"వెండెల్, నువ్వొకసారి వచ్చి చూడవా? నాకూ ఫుల్లుగానే కనబడుతోంది. కానీ నేను చూసింది నమ్మడానికి లేదు కదా."

నేను మెట్టెక్కి లోపలికి వంగి చూశాను.

"ఫుల్లే ఆర్వెల్లా" అన్నాను.

"నువ్వు చెప్పావంటే సరే" అని ఆమె బెల్టు పెట్టుకుంది.